క్లబ్బు సాసర్లు

పొద్దున కోర్టులో ఒకరి మీద ఒకరు కుక్కల్లా మొరిగిన దొరలు, మధ్యాహ్నం క్లబ్బులో ఒకే బల్ల చుట్టూ కూర్చుని, వంటవాడు హింగ్ వండిన బాతు ఎముకలు చీకుతూ నవ్వుకుంటున్నారు. వంటింటి తలుపు సందులోంచి చూసిన హింగ్‌కు ఆ నవ్వులెందుకో అర్థం కాలేదు.

హాంకాంగ్ రేవు దగ్గర ఆ క్లబ్బు వాటాదారులైన ఈ దొరలు దావాకు దిగి నెలయింది. స్థలం అమ్మాలని సెక్రటరీ పక్షం తీర్మానం చేసుకుంది. పన్నెండుమంది లేని సభ చెల్లదంటూ రెండో పక్షం కోర్టుకెక్కింది.

వడ్డన చేసే ముసలి క్వాయ్ ఎంగిలి పళ్లేలు తెచ్చి పడేశాడు. దొరల భాష అతనికి తెలుసు.

"సెక్రటరీ వాళ్లు గెలిస్తే మన గుడిసెలతో సహా స్థలం అమ్మేస్తారంట. రెండోవాళ్లు గెలిస్తే ఆ గుడిసెలే పీకి గుర్రాలకు కొట్టాలేస్తారంట. ఎటైనా పోయేది మన కొంపలే. ఆ నవ్వులు అందుకే."

వంటింటి వెనకే పనివాళ్ల ఇరవై గుడిసెలు.

"సెక్రటరీ నిన్నెందుకు పిలిచాడు బాబాయ్?" అడిగాడు హింగ్.

"తీర్మానం రోజు టీ ఇచ్చింది నేనే గదా. ఉన్నది ఎనిమిదిమంది. పన్నెండని కోర్టులో ఒట్టెయ్యమంటాడు. వేస్తే, స్థలం అమ్మినా నా ఒక్కడి గుడిసె ఉంచుతాడంట."

"వెయ్యి మరి. ఒక్క కొంపన్నా మిగుల్తది."

గిన్నెలు తోమే మూయ్ అత్త మసిగుడ్డ విసిరికొట్టింది. "సిగ్గు లేదట్రా? మా పిల్లలు వీధినపడితే ఈయన అరుగు మీద కూచుని చూడాలా?"

హింగ్ ఆ గుడ్డ తీసి ఆమెకు అందించాడు.

మర్నాడు కోర్టులో, వెనక నిలబడి హింగ్ చూస్తుండగా, క్వాయ్ చేతికి ఒక సాసరిచ్చారు. సాక్షి దాన్ని నేలకేసి కొట్టాలి. అబద్ధమాడితే తన ప్రాణమూ అలాగే ముక్కలవ్వాలి. చీనావాళ్లకు ఇదే ప్రమాణమని దొరలు తేల్చారు. క్వాయ్ సాసరును మెల్లగా బల్లమీద పెట్టాడు.

"దొంగసొత్తులో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి నేను ఒట్టెయ్యను. ఇరవై కొంపల సంగతి అడగండి, చెబుతా."

కోర్టు ధిక్కారమన్నారు. ఆ ముసలివాణ్ణి, వీపున వేలాడే జడ పట్టుకుని జైలుకు ఈడ్చుకుపోయారు. బాతు తిన్న నోళ్లు, రెండు పక్షాలవీ, మళ్లీ నవ్వాయి. ఛీ, ఆ నోళ్లకా తను ఇన్నేళ్లూ వండిపెట్టింది!

హింగ్ వంటింటికొచ్చి పొయ్యిలో నీళ్లు కుమ్మరించాడు. ఓడలో తెప్పించిన బంగారు అంచు సాసర్లలోంచి ఒకటి తీశాడు.

"నిన్న నేనన్నది కుక్క మాట. బాబాయ్ బయటికొచ్చేదాకా, మన గుడిసెల జోలికి రామని దొరలు రాసిచ్చేదాకా, ఈ పొయ్యి ముట్టిస్తే నా ప్రాణం ఇట్టా పోవాల."

సాసరు నేలమీద భళ్లున పగిలింది.

"నాకోటి ఇయ్యి," అంది మూయ్ అత్త. ఆమె వెనక చాకళ్లు, తోటమాలులు, పల్లకీ మోసేవాళ్లు వరసకట్టారు.

సాయంత్రం టీ గంట రెండుసార్లు మోగింది. సెక్రటరీ తలుపు తోసుకొచ్చేసరికి బూట్ల కింద పింగాణీ ముక్కలు నలిగాయి.

"టీ ఏదిరా?" వచ్చీరాని చీనా మాటల్లో అరిచాడు.

"ప్రమాణం చేశాం దొరా," అన్నాడు హింగ్. "మీ కోర్టు పద్ధతిలోనే."