దేనికోసం వాడుతున్నారు?

“సరే, అడుగు. అడగందే నిద్ర పట్టదంటే అడుగు. కానీ ల్యాబని మాత్రం రాయకు. బట్టల కొట్టని రాయి,” అన్నాడు భర్త, కంచంలోంచి తల ఎత్తకుండా. పొద్దున స్నానాల వేళ మొదలైన తగువు మధ్యాహ్నం భోజనాల దాకా సాగి, తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చి ఆగింది.

“బట్టల కొట్లో రక్తం తీస్తారా నాన్నా?” అంది కూతురు చిట్టి.

“నువ్వు మాట్లాడకుండా తిను.”

“సాయం అడగడానికి పోతూ అబద్ధం చెప్పడమేమిటండీ?” అంది భార్య. “జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్ళి కాలు బెణికిందని చెప్తామా?”

“ఆ ఇంటర్నెట్ ఫోరమ్‌లో ఉన్నది డాక్టర్లు కాదు, పనీపాటా లేనివాళ్ళు. ఎవడో ఒకడు ఆరా తీసి, ఫలానా ల్యాబులో రిపోర్టులు తారుమారట అని టముకు వేస్తాడు. మర్నాటి నుంచి మనం ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. నేను చూస్తానన్నానా? చూస్తాను.”

“ఆ మాట పోయిన వారం కూడా అన్నారు.”

“ఆ ప్రోగ్రామేదో రాసినవాడికి తెలీదటమ్మాయ్ దాని సంగతి?” అని అత్తగారు అందుకుంది. “నీ వంటింట్లో నన్ను గరిటె తిప్పనిస్తావా నువ్వు? వాడి పనిలో నీ వేలెందుకు?”

“గరిటె తిప్పితే ఎవరి ప్రాణం మీదికీ రాదు కదత్తయ్యా.”

“నా వంట నువ్వింకా సరిగ్గా తిన్నట్టు లేవు,” అంది పెద్దావిడ.

చిట్టి కిసుక్కున నవ్వింది. భర్త నవ్వలేదు. చెయ్యి కడుక్కుని పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మధ్యాహ్నం ల్యాబు మూసి ఉన్నంతసేపూ అతనికి కునుకు తీసే అలవాటు.

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను సూదమ్మ అంటారు. నొప్పి తెలియకుండా రక్తం తీస్తుందని పిల్లల తల్లులు పెట్టిన పేరు. ఇంటికి ముందున్న రెండు గదులే ల్యాబు. షట్టరు తెరవగానే వచ్చే గదిలో భర్త కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు, సాయంత్రం రిపోర్టులు తీసిస్తాడు. లోపలి గదిలో ఆమె రక్తం తీసి, గొట్టాలను మిషన్‌లో పెట్టి, వచ్చిన అంకెలను ఇంకో కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. రెంటినీ కలిపే ప్రోగ్రామ్ భర్త రాసిందే. అతను పనిచేసే కంపెనీ మూతపడి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఈ ల్యాబు పెట్టుకుందామని ఆమె అంటే, ప్రోగ్రామ్ ఎవరి దగ్గరా కొననక్కర్లేదు, నేను రాస్తానన్నాడు. రాశాడు కూడా. ఆ నెలల్లో మనిషి మళ్ళీ వెనకటి మనిషైనట్టు ఉండేవాడు. రిపోర్టు కింద సంతకం మాత్రం ఆమెది. లైసెన్సు ఆమె పేరు మీద ఉంది కాబట్టి.

ఇంత గొడవకీ కారణం వీధి చివర కొట్టున్న దర్జీ. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని పోయిన వారం పరీక్షకు వచ్చాడు. సూది గుచ్చగానే గొట్టంలోకి దిగిన రక్తం పల్చగా, నీళ్ళు కలిపినట్టు ఉంది. సాయంత్రం కౌంటర్ మీద పెట్టిన ఆయన రిపోర్టు చూస్తే హిమోగ్లోబిన్ పద్నాలుగు, నిక్షేపంలాంటి మనిషికి ఉన్నంత. వెంటనే గొట్టం తీసి మళ్ళీ పరీక్ష చేస్తే ఏడు. ఆ పద్నాలుగు ఆయన తరవాత వచ్చిన బస్సు డ్రైవర్‌ది.

“గొట్టాలు మార్చేసి ఉంటావు,” అన్నాడు భర్త, కొత్త రిపోర్టు తీస్తూ. “నీకిదేం మొదటిసారి కాదుగా.”

నిజమే, మొదటిసారి కాదు. ల్యాబు పెట్టిన కొత్తలో ఒకసారి జరిగింది. అప్పుడూ ఇదే మాట అన్నాడు. అని ఊరుకోలేదు, కళ్ళ డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళి అద్దాలు వేయించాడు. ఆ తరవాత ఏడాదికోసారో రెండుసార్లో ఎవరో ఒకరు రిపోర్టు పట్టుకుని వచ్చి ఇదేమిటమ్మా అనేవాళ్ళు. అడిగినప్పుడల్లా ఆమె తన చేతులకేసి చూసుకునేది. గొట్టానికి రెండువైపులా పేరు రాయడం మొదలుపెట్టింది. సూది పట్టుకున్నాక వచ్చినవాళ్ళతో కబుర్లు మానేసింది, ఎక్కడ ఏమరుపాటున తప్పుతానోనని. సూదమ్మకి గిరాకీ పెరిగి పొగరెక్కిందని జనం అనుకున్నారు. అనుకుంటే అనుకున్నారులే అని ఊరుకుంది.

ఈసారి మాత్రం ఆమె ఊరుకోలేకపోయింది. దర్జీ గొట్టం మిషన్‌లోంచి బయటికి వచ్చి, ఆయన అంకె ఎక్కించేశాకనే డ్రైవర్ లోపలికి వచ్చి చొక్కా చెయ్యి మడిచాడు. ఇంకా తీయకుండా ఉన్న రక్తంతో దేన్ని మారుస్తుంది?

భర్త గురక వినిపించాక ఆమె లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. ల్యాబు కోర్సులో చేరకముందు ఒక ఏడాది కంప్యూటర్ చదువు వెలగబెట్టింది గనక, రాయడం రాకపోయినా, చదివితే ఏది ఎటు పోతోందో కొంత పోల్చుకోగలదు. వచ్చినవాళ్ళ వరస నంబరును భద్రపరిచే చోటికి భర్త ‘చిట్టి’ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కూతురి పేరు ఆ ప్రోగ్రామ్ నిండా కనిపిస్తూ ఉంటే, పోయిన వారం మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ముచ్చటేసింది. ఇవాళ ఆ ముక్కను కాపీ చేసి, ప్రోగ్రాములు రాసేవాళ్ళు తెలుగులో సందేహాలు అడిగే ఫోరమ్‌లో పెట్టింది. ఒకరి ఫలితం మరొకరి పేరు కింద ఎందుకు పడుతోందో చెప్పగలరా అని రాసింది. ల్యాబనీ రాయలేదు, కొట్టనీ రాయలేదు.

అక్కడ ఎవరూ అసలు పేర్లతో ఉండరు. ముందు ఒకాయన వచ్చి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి చూశారా అని అడిగాడు. ఇంకొకాయన, అసలీ ప్రోగ్రామింగ్ భాషలో రాయడమే తప్పు, మా భాషలో రాసి ఉంటే ఈ బాధే ఉండేది కాదన్నాడు. దానికి మూడో ఆయన ఒంటికాలి మీద లేచాడు. వాళ్ళిద్దరూ ఆమె ప్రశ్నను గాలికొదిలేసి ఎవరి భాష గొప్పదో తేల్చుకుంటున్నారు. ఇంతలో బూజుకర్ర అనే పేరుతో ఒక మనిషి వచ్చాడు.

“మీరిద్దరూ బయటికి వెళ్ళి కొట్టుకోండి,” అని ముందు వాళ్ళకు రాశాడు. తరవాత ఆమెకు రాశాడు. “అమ్మా, ఇది దేనికోసం వాడుతున్నారు?”

మొదట ఆమె బట్టల కొట్టు అని కొట్టింది. పెరట్లో అత్తగారు బట్టలు ఆరేస్తూ చిట్టిని కేకలేస్తోంది. పక్క గదిలో గురక నిలకడగా వినిపిస్తోంది. ఆమె ఆ రెండు మాటలూ చెరిపేసి, “రక్తపరీక్షల రిపోర్టులకి. నేను ల్యాబు టెక్నీషియన్ని,” అని రాసి పంపేసింది.

కాసేపటికి అటునుంచి జవాబు వచ్చింది.

“అయితే ఈ క్షణమే ఆపెయ్యండి. ఒక కంప్యూటర్‌లో పేరు ఎక్కుతున్నప్పుడే రెండోదాంట్లో ఫలితం ఎక్కితే నంబరు జరిగిపోతోంది. మీరు మనుషుల్ని మార్చలేదు, ప్రోగ్రామే మారుస్తోంది. సరిచెయ్యడం పెద్ద పని కాదు, కావాలంటే నేనే రాసిస్తాను. వెనక ఇచ్చేసిన రిపోర్టుల్ని మాత్రం ఎవరూ సరిచెయ్యలేరు. ఇంకో మాట. ఈ చిట్టిని నేను ఇంతకుముందు చూశాను. ఇక్కడే. ఇది చదవండి.”

కింద ఒక పాత ప్రశ్నకు లింకు ఇచ్చాడు. ఆమె నొక్కింది. మూడేళ్ళ కిందటిది. అడిగినతను తన పేరు కొత్తమనిషి అని పెట్టుకున్నాడు. ప్రశ్న ఇంచుమించు తనదే. కింద పెట్టిన ప్రోగ్రామ్ ముక్క అక్షరం పొల్లుపోకుండా తన ఎదుట ఉన్నదే.

“చిట్టి ఎవరు స్వామీ?” అని బూజుకర్ర అప్పుడు వేళాకోళమాడాడు.

“మా అమ్మాయి. ఇవాళ దాని పుట్టినరోజు.”

“దీర్ఘాయుష్మతీ భవ. ఇంతకీ ఇది దేనికోసం వాడుతున్నారు?”

“బట్టల కొట్టు. బిల్లులకి.”

“అయితే పరవాలేదు. ఒకరి చొక్కా బిల్లు ఇంకొకరికి వెళ్తుంది, తిట్టుకుని మార్చుకుంటారు. కానీ మీరు ప్రోగ్రామ్‌లో పెట్టిన ‘ఒక్క సెకను ఆగు’ అన్నది మందు కాదు, పైపూత. రద్దీ పెరిగితే తిరగబెడుతుంది. అసలు జబ్బు పట్టుకోండి.”

దాని కింద కొత్తమనిషి చివరి మాట ఉంది. “సరైపోయింది. ధన్యవాదాలు.”

సరైపోయింది అన్నది ఆ ఇంట్లో రోజూ వినిపించే మాటే. కుళాయి కారినా, ఛాతీలో నొప్పి అన్నా, అత్తాకోడళ్ళు మాటామాటా అనుకున్నా, అతను అదే అని లేచిపోయేవాడు. ఆమె తేదీ మరోసారి చూసింది. చిట్టి పుట్టినరోజు. ఆ మర్నాడే తనను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. దారిలో ఆటోలో తన చెయ్యి పట్టుకుని, “వయసు మీద పడుతోందోయ్, ఎవరికైనా తప్పదు,” అన్నాడు. ఎంత ఆపేక్షగా అన్నాడో ఆమెకు ఇప్పటికీ గుర్తు.

ఆ సాయంత్రం షట్టరు లేవలేదు. ఎవరో వచ్చి తట్టి, కాసేపు చూసి వెళ్ళిపోయారు. మళ్ళీ ఇంకెవరో తట్టారు.

“నిద్రపోయారా ఏమిటిద్దరూ? జనం వచ్చి పోతున్నారు,” అంటూ అత్తగారు నడవాలోకి వచ్చింది. భర్త కళ్ళు నులుముకుంటూ లేచి వచ్చాడు. చిట్టి పుస్తకాలు ముందేసుకుని అక్కడే కూర్చుని ఉంది. సూదమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

“కొత్తమనిషి మీరేనా?” అంది.

అతను కాదనలేదు.

“ఏ కొత్తమనిషమ్మాయ్?” అంది అత్తగారు.

ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు. పెద్దావిడకు అర్థమయ్యేటట్టు, పేరు ఒకరిదీ అంకె ఒకరిదీ ఎలా అవుతోందో రెండు గ్లాసులు జరిపి చూపించి మరీ చెప్పింది. ఎన్నాళ్ళుగానో చెప్పింది. ఎవరికి తెలుసో చెప్పింది.

“వారం రోజులు కాపలా కాసి చూశాను,” అన్నాడు భర్త. “మళ్ళీ రాలేదు. పోయిందనుకున్నాను. అప్పుడే తెరిచిన ల్యాబు, ఎట్లా మూస్తాం? పైగా వేరే పని దొరక్క...”

“నా చేతులన్నారు. నా కళ్ళన్నారు.”

“ఏదో ఒకటి చెప్పాలి కదా.”

“ఇన్నాళ్ళూ ఆ ఏదో ఒకటి నేనే అయ్యాను.”

“నా పేరే దొరికిందా నాన్నా దానికి?” అంది చిట్టి.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “చూడు. ఆ బూజుకర్రో ఎవరో, రాసిస్తానన్నాడుగా? నేనే అడుగుతాను, నా పేరుతోనే. రేపటికల్లా బాగైపోతుంది. ఇక మీదట ఒక్క తప్పు రాదు. పాతవన్నీ తవ్వితే ఎవరికి లాభం? జబ్బు ఉన్నవాళ్ళు ఈపాటికి ఇంకో చోట తేల్చుకునే ఉంటారు. లేనివాళ్ళకి ఏమీ కాలేదు. మన నోటికాడి కూడు మనమే తన్నుకోవడం తప్ప ఏముంది?”

“వాడన్నదీ నిజమేనేమో,” అని అత్తగారు మొదలుపెట్టి, మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టింది. “అమ్మాయ్, నా చెల్లెలి రక్తం తీసింది ఇక్కడే కదూ?”

“ఇక్కడే అత్తయ్యా.”

“నిరుడు కాదు, అంతకు ముందేడు. ఒళ్ళు నీరు పట్టిందని వస్తే. కిడ్నీలు బాగున్నాయని రాసిచ్చారు. ఆ కాగితం చూసే కదా ఆ డాక్టరు గుండె జబ్బుకు మందులు వాడాడు? తీరా పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఆలస్యమైందన్నారు, మనిషి దక్కలేదు.”

“అది వేరమ్మా,” అన్నాడు భర్త. “పిన్ని సంగతి వేరు. ఆవిడకి ముందునుంచీ షుగరు.”

“వేరని నీకు తెలుసా?”

అతను భార్యకేసి చూశాడు, ఆదుకోమన్నట్టు. అలా చూసినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి అడ్డం వేసి గట్టెక్కించేది. ఈసారి బల్ల మీది గ్లాసులు ఒక పక్కకు సర్దింది.

“తెలీదు,” అన్నాడు చివరికి. “ఆ రక్తం ఉంటే కదా తెలియడానికి.”

పెద్దావిడ ఏడవలేదు. కొంగుతో బల్ల మీద తడి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. బయట షట్టరు మీద ఎవరో మళ్ళీ తట్టారు. చిట్టి లేవబోయి, తల్లి ముఖం చూసి కూర్చుండిపోయింది.

తట్టిన మనిషి వెళ్ళిపోయేదాకా సూదమ్మ ఆగింది.

“రేపు ల్యాబు తెరవను,” అంది. “ఎల్లుండీ తెరవను. మన దగ్గర పరీక్ష చేయించుకున్న ప్రతి మనిషికీ ఫోన్ చేస్తాను. ఇంకో చోట మళ్ళీ చేయించుకోమని చెప్తాను. ఎందుకని అడిగితే, ఎందుకో కూడా చెప్తాను.”

“కేసులు పెడతారు,” అన్నాడు భర్త మెల్లగా. “లైసెన్సు పోతుంది. నీ పేరే పోతుంది, నాది కాదు.”

“తెలుసు. సంతకాలు నావి. లైసెన్సు ఆఫీసుకి సోమవారం నేనే వెళ్ళి చెప్పి వస్తాను. మీరు రావాలనుకుంటే రండి.” ఆమె అత్తగారి వైపు తిరిగింది. “ఫోన్లు ఇప్పుడే మొదలుపెడతాను. మొదటిది మీ చెల్లెలి కొడుక్కి చేస్తానత్తయ్యా. మీరు పక్కన కూర్చుంటానంటే కూర్చోండి. వద్దంటే లోపలి గదిలోకి వెళ్ళి మాట్లాడతాను.”