బూడిదరంగు కోటు

బోర్గిల్డ్ ముసలమ్మ తన బూడిదరంగు కోటు తొడుక్కుని గూళ్ళ వైపు నడిస్తే, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి బాతులు బెదిరి ఎగిరిపోయాయి. మధ్యాహ్నానికల్లా ఆ సంగతి దీవి అంతా పాకింది.

నార్వే తీరాన ఆ చిన్న దీవికి వసంతం రాగానే సముద్రపు బాతులు వస్తాయి. మనుషులు రాళ్ళతో కట్టిపెట్టిన గూళ్ళలో పొదుగుతాయి. పిల్లలు తల్లి వెంట నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయాకే బాతు తన రొమ్ము నుంచి పీకి గూట్లో పరిచిన మెత్తటి ఈకల నూగు తీసుకోవాలి; పరుపులకి దానికి మంచి ధర. గూళ్ళకి కాపలా ఉండే బోర్గిల్డ్ ఏటా అదే కోటు వేసుకుంటుంది. బాతులకు గుర్తు మొహం కాదు, కోటు.

ముందు రాత్రి ఎవరో ఆ కోటు దొంగిలించి తొడుక్కుని, నమ్మి కదలకుండా కూర్చున్న బాతుల కింద చెయ్యి పెట్టి, పదకొండు గూళ్ళలో గుడ్లూ నూగూ ఊడ్చుకుపోయారు. కోటు మళ్ళీ కొక్కేనికి తగిలించారు.

"దొరకనీ ఆ వెధవని!" పడవల రేవులో ఒలుఫ్ గొంతు చించుకుంటున్నాడు. "వాడితో కలిసి వల పట్టేవాడు ఈ దీవిలో ఉండడు. పెళ్ళాన్ని తీసుకుని తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే!"

ఏనార్ వల బాగుచేస్తున్నట్టు తల వంచుకున్నాడు. ఆ చలికాలం అతనికి చేపలు పడలేదు. ఒక్క గూటితో ఆగి ఉంటే అది కారణమయ్యేది. పదకొండు గూళ్ళకు ఏ కారణమూ చాలదు. పైగా ఆ రాత్రి ఎడమచేతి ఊలు తొడుగు ఎక్కడో జారిపోయింది. ఎర్ర నక్షత్రాల అల్లిక; అలా అల్లేది అతని భార్య సిన్నోవ ఒక్కతే.

"ఏమైనా ఆనవాలు దొరికిందా అవ్వా?" అన్నాడు ఒలుఫ్.

ముసలమ్మ కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఏనార్ తల ఎత్తి ఆ జేబు వైపే చూశాడు. ఆమె చేతిరుమాలు తీసి ముక్కు చీదుకుంది.

"నీ అరుపులకి ఉన్న నాలుగు బాతులూ పోయేట్టున్నాయి. ఇంటికి పో నాయనా."

ఆ సాయంత్రం సిన్నోవ మేకల దగ్గర ఉండగా ముసలమ్మ ఏనార్ ఇంటికి వచ్చి, జేబులోంచి తొడుగు తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే కోటు పెట్టింది.

"అందరికీ చెప్పేస్తావా అవ్వా?"

"చెప్తే నువ్వు పోతావు. మా ఆయన పోయాడు, బాతులు పోయాయి. పోయేవాళ్ళని చూసి చూసి విసిగిపోయానురా. ఈ కోటు పాడుచేసింది నువ్వు, బాగుచేసేదీ నువ్వే. రోజూ తొడుక్కుని గూళ్ళ దగ్గర కూర్చో. మాట్లాడకు. చెయ్యి పైకెత్తకు."

"అవి రాకపోతే?"

"వచ్చేదాకా కూర్చుంటావు. చేపలు పట్టడం ఎలాగూ చేతకాదు కదా!"

తన మోకాళ్ళు మొరాయిస్తున్నాయని, అందుకే ఏనార్‌ని కాపలాకి పెట్టుకున్నానని ముసలమ్మ ఊళ్ళో చెప్పుకుంది.

ఆ వసంతం కోటు కనబడితే చాలు, బాతులు లేచిపోయేవి. మరుసటి ఏడు నలభై అడుగుల దూరం దాకా ఓర్చుకున్నాయి. ఏనార్ నడక మెత్తబడింది, గొంతు తగ్గింది. "ఇంట్లో కూడా దొంగలా నడుస్తావేంటి?" అని సిన్నోవ నవ్వింది. ఆ పూటే అతను అంతా చెప్పేశాడు. మూడోనాడు సిన్నోవ ఎర్ర నక్షత్రాల తొడుగుల అల్లిక విప్పేసి, బూడిదరంగు ఊలుతో కొత్తవి అల్లింది.

మూడో వసంతంలో ముసలమ్మకు జబ్బు చేసింది. ఒలుఫ్ పడవలో అవతలి ఒడ్డు ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. ఆ ఉదయమే, ఏనార్ మోకాలికి జానెడు దూరంలో ఒక బాతు గుడ్ల మీద కూర్చుంది. లేవలేదు.

పడవ గూళ్ళ ముందునుంచే వెళ్ళింది. దుప్పట్లలో చుట్టి ఉన్న ముసలమ్మ ఇటే చూస్తోంది. లేచి నిలబడి, చూడు అవ్వా, కూర్చుందని అరవాలనిపించింది ఏనార్‌కి. భుజం దానంతటదే కదలబోయింది. ఆపుకున్నాడు.

"ఒరేయ్ బండరాయీ! అవ్వ వెళ్ళిపోతోంది, చెయ్యైనా ఊపవేరా!" అని కేకేశాడు ఒలుఫ్.

బాతు మెడ ఎత్తింది. ముసలమ్మ ఒలుఫ్ మోచేతిని గట్టిగా పట్టుకుని, నోటి మీద వేలు పెట్టుకుంది. ఆమె కళ్ళు ఏనార్ మోకాలి పక్కన ఆగాయి, అక్కడినుంచి కదల్లేదు. తనూ ఆ కోటు తొడుక్కున్నట్టే, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పడవ రాతిగుట్ట మలుపు తిరిగింది. బాతు మెడ దించి, రొమ్ము కింది నూగును ముక్కుతో గుడ్ల చుట్టూ సర్దుకుంది.