తోయించుకోని బండి

పుంగనూరు చింతపండు మండీల్లో ఒక లెక్క ఉంది. పొద్దున్నే బండి తోయించుకునే వ్యాపారి ఆ ఏడు మునుగుతాడని. ఎవరు కట్టిన లెక్కో తెలియదు గానీ, రైతులు నమ్ముతారు. సరుకు పక్క మండీలో దించుతారు.

1999లో ఆ బండి నాది. మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గర కొన్న పాత విలాయతి కారు. సాయంత్రం బాగానే నిలిపేదాన్ని. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉండేది. హమాలీలు తోసేవాళ్లు. ఎదురు మండీ పాపన్న అరుగు మీద నిలబడి సోమల నుంచి వచ్చే రైతులకు చూపించేవాడు.

"సూడండప్పా, కుసుమమ్మ కారుకు కూడా కూలోళ్లు కావాల!"

ఆ వారం మా కాటా మీదికి ఒక్క మూట రాలేదు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే పోతే మండీ మూయాల్సిందే.

మదనపల్లె మెకానిక్ శాలేము రాజు బ్యాటరీ వైరు విప్పి, మధ్యలో చిన్న బల్బు తగిలించాడు. అన్నీ ఆపి ఉన్నా అది మసగ్గా వెలిగింది.

"పాత వైర్లమ్మా. యాడాడో కరెంటు కారిపోతాండాది. బండంతా ఇప్పాల, నెల పడ్తాది. అమ్మేయరాదా?"

"అమ్మితే పాపన్న మాటే నిజమైతాది. కారేది ఆగకుంటే కొళాయే కట్టేయ్. లారీలకు ఏస్తారే కటాఫ్ స్విచ్, అది బిగించు."

బ్యాటరీ నుంచి కారు బాడీకి పోయే వైరు మధ్యలో బిగించాడు. మీట బానెట్ కింద పెడతానన్నాడు. నా సీటు పక్కన, అందరికీ కనబడేటట్టు పెట్టించాను.

రాత్రి మీట తిప్పి కరెంటు కట్టేశాను. మరునాడు పొద్దున రైతులందరి ముందూ పాపన్ననే పిలిచాను.

"అన్నా, రా. ఈ మీట నువ్వే తిప్పు."

"నేనా? యాల?"

"తోసేది ఇన్నాళ్లూ సూస్తివి గదా. ఇదీ సూడు."

వెనక్కి తగ్గితే నవ్వుతారని తిప్పాడు. నేను తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. రైతులు ఈలలు వేశారు. పాపన్న లోపలికి తొంగి చూశాడు.

"కారు గడియారం నిలిచిపోయుండాది. ఆగిన గడియారమున్న సోట లచ్చిమి నిలవదు కుసుమా."

కరెంటు కట్టేస్తే అదీ ఆగుతుంది, నిజమే. దాన్ని నడపాలంటే రాత్రంతా బ్యాటరీ కరెంటుతో మేపాలి. కూర్చుని తినే భాగస్తుణ్ణి ఏ మండీలో ఉంచుకుంటారు?

"టైము మీ గోడ మీద సూసుకుంటాలే అన్నా. నాకు బండి లేస్తే సాలు."

పాపన్న వాకిట్లో మూటలు దించుకుంటున్న సోమల రైతు రెడ్డెమ్మ పకపకా నవ్వి, వాటిని మళ్లీ ఎత్తించింది. మా కాటా ముందుకొచ్చి వేలు చూపించింది.

"తూకం సరిగ్గా ఎయ్ తల్లీ. లేకుంటే నీ కారు నేనే తోస్తా, మురిక్కాలవలోకి!"