పద్దెనిమిదో అడుగు

నేను ఒక కొలబద్దను. కొండల మధ్య రిజర్వాయర్‌లో, తూము స్తంభానికి బోల్టులతో బిగించిన పొడవాటి ఇనుప రేకును. ఇక్కడివాళ్లు నన్ను గేజీ అంటారు. పట్నంలో ఒక షెడ్డులో నన్ను కోసి, తెల్ల రంగు పూసి, అడుగులూ అంగుళాలూ నల్లగా దిద్దారు. పెయింటరు కాంట్రాక్టరుకిచ్చాడు, కాంట్రాక్టరు ఆఫీసుకు అప్పజెప్పాడు. ఎన్ని చేతులు మారినా నా దగ్గరున్న సరుకు ఒక్కటే: నీరు ఎక్కడుందో అక్కడి అంకె. బేరం లేదు, కొసరు లేదు.

ఆ అంకెను నమ్ముకుని రెండు ఊళ్లు బతుకుతున్నాయి. దూరాన మైదానంలో పట్నం. గట్టు దిగువన ఇరవై గడపల గూడెం. గూడేనికి ఒక సన్నని పైపుంది. నీరు పద్దెనిమిది అడుగుల కంటే తగ్గితే దాని వాల్వు కట్టెయ్యాలి, మిగిలిందంతా పట్నానికే. అది ఆఫీసు రూలు. ఆ వాల్వు తిప్పేదీ, రోజూ పొద్దున్నే నన్ను చదివి ఫోనులో చెప్పేదీ లస్కరు లైకోను. ఆ గూడెం మనిషే.

ఒక వేసవిలో నీరు పదిహేడు అడుగుల పదకొండు అంగుళాలకు దిగింది. లైకోను ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. అంతలో పర్యాటకుల మోటారు బోటు పక్కనుంచి పోయింది. అల లేచి పద్దెనిమిదిని తడిపింది.

"పద్దెనిమిది సార్," అన్నాడు వెంటనే.

మర్నాటి నుంచి బోటు వచ్చేదాకా ఆగి చదివేవాడు. బోటు నడిపే ధనుర్జయ అతని బావమరిది.

"బావా, నీ ఉద్యోగం నా ఇంజను మీద నడుస్తోంది. ఏమిస్తావు?"

"మీ అక్క కాచిన అంబలి పోస్తాలే. ఇంకాస్త దగ్గరగా కొట్టు!"

నీరు రోజుకో అంగుళం దిగింది. బోటు రోజుకింత జోరు పెంచింది. అందులోవాళ్లు సంబరంగా కేకలు పెట్టేవారు. ఒక గూడెం బిందెలు నింపుతున్నామని వాళ్లకేం తెలుసు? అల వెనక్కి పోగానే అసలు అంకె నా మీద బయటపడేది. చేతులుంటే చెరిపేసేదాన్ని. రేకుకు చేతులెక్కడివి?

ఆరో రోజు పడవల రేవులో నీరు పోయి బురద తేలింది. బోట్లను ఒడ్డుకు లాగేశారు. నీటి మీద చిన్న ముడత కూడా లేదు. లైకోను చాలాసేపు చూశాడు. ఆఫీసు నుంచి ఇంజనీరే ఫోను చేశాడు.

"పదిహేడు అడుగుల ఆరంగుళాలు సార్."

"నిన్న పద్దెనిమిది అన్నావు కదయ్యా! ఒక్క రాత్రిలో అరడుగా?"

లైకోను ఒడ్డున పడున్న బోటు వైపు చూశాడు.

"సరే, వాల్వు కట్టెయ్."

వాల్వు తిప్పి వచ్చి, నా పక్కనుంచి నీళ్లలోకి దిగే మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి అతని భార్య బుద్రి బిందెతో గట్టెక్కింది.

"కొళాయి ఆగిపోయింది. ఏమైంది?"

"నీళ్లు అయిపోయాయి."

ఆమె ఈ కొండ నుంచి ఆ కొండ దాకా చూసింది.

"మరి ఇవేంటి?"

లైకోను నావైపు వేలు చూపించాడు. బుద్రికి అంకెలు రావు. మెట్లు దిగి, నా పక్కనే బిందె ముంచి, నడుమున పెట్టుకుని వెళ్లిపోయింది. నా మీద నీటి గీత వెంట్రుకవాసి కూడా దిగలేదు.