మధ్యన వదిలిన చోటు

సత్రం ఎదురింటి మంగాయమ్మ నీళ్ల బిందె చంకనెత్తుకుని, "ఆ తివాచీలో ఏదో గాలి ఉందే. దాని మీద కూర్చున్నవాడల్లా పక్కవాడితో తగువు పెట్టుకునే లేస్తున్నాడు" అన్నదట. ఆ మాట దర్జీ గఫూర్ సాహెబు భార్య చెవిన పడింది. ఆమె దానికి కాస్త ఉప్పూ కారం అద్ది అచ్చియ్యమ్మకు చేరవేసింది. సత్రం ఊడ్చే అచ్చియ్యమ్మ నన్ను అరుగు మీదికి ఈడ్చి, "నీలో దెయ్యముందంట. ఉంటే దులిపేత్తాను, ఉండు" అంటూ కర్రతో నాలుగు బాదింది. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. ఆ దుమ్ము కూడా ఊరి పెద్దమనుషులదే.

నేను ఒక తివాచీని. ఏలూరులో మగ్గాల సందున పుట్టాను. మస్తాన్ సాయిబనే నేతగాడు ముడి మీద ముడి వేసి, ముడి ముడికీ దగ్గుతూ నన్ను తయారు చేశాడు. నా ఉన్ని ఇచ్చిన గొర్రెలు ఏ దేవుణ్ని కొలిచేవో నన్నెవరూ అడగలేదు, అప్పట్లో. మొదట ఒక జమీందారు నన్ను కొని మేజువాణీలకు పరిచాడు. మేజువాణీలు ఎక్కువై జమీ తక్కువైంది. వేలంలో పడవలపేటను ఏలే ఫ్రెంచి దొర పాడుకున్నాడు. ఆయన కుక్క నన్ను ఆయన కంటే ఎక్కువగా వాడుకుంది. అంచులు చివికాక, తన ఉదారబుద్ధి చాటుకోవడానికి దొర నన్ను పడవలపేట సత్రానికి దానం చేశాడు.

ముఖాలు చూసి మనుషుల్ని పోల్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నేను కింది నుంచి ఎరుగుదును. పైన ముఖం శాంతి వచనాలు పలుకుతున్నప్పుడు, కింద కాలి బొటనవేలు నా పోగులు పీకుతూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. చుట్టుపక్కల ఊళ్లన్నీ తెల్లవాళ్లను సాగనంపి జెండాలు ఎగరేసుకున్నాయి. సముద్రం ఒడ్డున పడవలపేట ఒక్కటీ ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండిపోయింది, తిన్న విస్తట్లో మిగిలిన కరివేపాకులాగా. జనం గోల మొదలుపెట్టేసరికి దొర ఒక ఎత్తు వేశాడు. "మీ ఊరికి మీరే రాజ్యాంగం రాసుకోండి. నేను పుదుచ్చేరి ఓడ ఎక్కేలోగా అందరూ ఒక్కమాట మీద సంతకాలు చేసి ఇస్తే ఆమోదిస్తాను. లేదంటే నా చట్టమే చట్టం" అని దుబాసీ చేత చెప్పించాడు. ఆయన మన భాష నేర్చుకోలేదు గానీ మనల్ని మాత్రం బాగానే చదువుకున్నాడు.

ఆ రాజ్యాంగంలో అచ్చియ్యమ్మకు ఒకే ఒక్క వాక్యం కావాలి. దొర చట్టం ప్రకారం అల తగిలే ఇసుకంతా దొరదే. ఆమె తాటాకిల్లు, గేదె పాక ఆ ఇసుక మీదే ఉన్నాయి. అక్కడ సుంకం గోదాము కట్టాలని కొలతలు కూడా వేసుకుపోయారు. 'ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాళ్లదే' అని రాయించుకోవాలి. అందుకే సభ జరిగినన్నాళ్లూ నన్ను పరిచి, అందరికీ మజ్జిగ పోసే పని తన మీద వేసుకుంది. గొల్లవారి మజ్జిగ గనక అన్ని బొట్లవాళ్లూ తాగారు.

బొట్ల దగ్గరే వచ్చింది చిక్కంతా. ఊరు రెండుగా ఉండేది, విభూతి వాళ్లూ నామాల వాళ్లూ. విభూతి వాళ్లకు ప్లీడరు విరూపాక్షయ్య గారు పెద్ద, నామాల వాళ్లకు తిరువెంగళాచార్యుల వారు. మొదటి రోజే వాళ్లు పడమటి అంచునా, వీళ్లు తూర్పు అంచునా కూర్చున్నారు. ఒకరి ఉత్తరీయం ఒకరికి తగలకూడదని మధ్యన జానెడు చోటు వదిలారు. చర్చ సాగేకొద్దీ అది మూరెడైంది, బారెడైంది. చివరికి మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత అయింది. అక్కడ సత్రం పిల్లి పడుకునేది. సభలో నిశ్చింతగా ఉన్న సభ్యురాలు అదొక్కటే.

సభ జరగడానికి అసలు రోజులే చిక్కేవి కావు. సోమవారం విభూతి వాళ్లు ఉపవాసం. శనివారం నామాల వాళ్లు. స్మార్తుల ఏకాదశి ఒకనాడు వస్తే వైష్ణవుల ఏకాదశి మర్నాడు వచ్చేది, రెండు రోజులూ పోయేవి. శుక్రవారం గఫూర్ సాహెబు నమాజుకు పోవాలి. ఆదివారం పాదిరిగారు రారు. మిగిలిన రోజుల్లో రాజ్యాంగం మొదటి వాక్యం దగ్గరే బండి కూలబడింది. ఏ దేవుడి సాక్షిగా మొదలుపెట్టాలి?

విరూపాక్షయ్య గారు శివుడన్నారు. ఆచార్యుల వారు చెవులు మూసుకున్నారు. పోనీ ఉత్త 'శ్రీ' చాలన్నారు ఆచార్యుల వారు. "శ్రీ అంటే మీ అమ్మవారే కదండీ, మమ్మల్ని వెనకగుమ్మంలోంచి రమ్మంటారా?" అన్నారు ప్లీడరు గారు. గఫూర్ సాహెబు గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆయన కింద నేను సన్నగా అదరడం గమనించాను. నవ్వాపుకుంటున్నాడు.

అచ్చియ్యమ్మ స్తంభం పక్కన నిలబడి రోజూ అడిగేది. "బాబుగారూ, నా ఇసక మాట ఎప్పుడొత్తాదండి?"

"వస్తుంది అచ్చియ్యా. ముందు దేవుడి మాట తేలనీ" అనేవారు ప్లీడరు గారు.

"దేవుడికి గుళ్లున్నాయి కదండీ, ఆయనకేం తొందర? గోదామొచ్చేది నా మీదికండి."

దానికి ఇద్దరూ నవ్వేవారు. నవ్వడంలో మటుకు శైవ వైష్ణవ భేదం ఉండేది కాదు.

ఓడ వస్తోందని కబురొచ్చింది. అప్పుడు ఆచార్యుల వారికి ఒక ఉపాయం తట్టింది. "కాగితం పైభాగం ఖాళీగా వదిలేద్దాం. మిగతాది రాసి సంతకాలు చేద్దాం. దేవుడి పేరు తరవాత చూసుకోవచ్చు." ప్లీడరు గారు వెంటనే ఒప్పుకున్నారు. తరవాత తామే పూరించుకోవచ్చని ఇద్దరి బొటనవేళ్లూ నా పోగుల్లో ఒకేసారి అనుకున్నాయి. "ఖాళీ అయితే మాకూ అభ్యంతరం లేదు. మేమెటూ దేవుడికి రూపం కట్టం" అన్నాడు గఫూర్ సాహెబు. ఒక్క పూటలో రాజ్యాంగమంతా అయిపోయింది. ఇసుక మాట కూడా పడింది. ఆ రోజు అచ్చియ్యమ్మ పోసిన మజ్జిగలో అల్లం, కరివేపాకు కూడా ఉన్నాయి.

దొర ఆ కాగితం ఓడలో తీసుకుపోయి, ముద్ర వేయించి తెచ్చాడు. దుబాసీ సత్రంలో నిలబడి చదివాడు. పైన వదిలిన చోట చక్కటి దస్తూరీతో ఒక వాక్యం ఉంది. "ఫ్రాన్సు ప్రభుత్వం వారి దయవల్ల, వారి దయ ఉన్నంతకాలమే చెల్లునట్లుగా..."

సభ గగ్గోలెత్తింది. దొర టోపీ తీసి ఏదో అన్నాడు. దుబాసీ దాన్ని తెలుగు చేశాడు. "పైచోటు తమకోసమే వదిలారనుకున్నారట దొరగారు. ఇంత మర్యాదస్తుల్ని ఎక్కడా చూడలేదంటున్నారు."

నాలుగు వారాలు తిరక్కుండానే అచ్చియ్యమ్మ ఇసుక మీద దయ అయిపోయింది. తాటాకిల్లు పీకేశారు, గోదాముకు పునాది తవ్వారు. అచ్చియ్యమ్మ ఏడ్చిందో లేదో నేను చూడలేదు. చూసింది మాత్రం చెబుతాను. కుండలు, మూటలు నెత్తిన పెట్టుకుని సత్రానికి వచ్చింది. గేదెను బయట స్తంభానికి కట్టింది. నన్ను పరిచి, రెండు అంచులూ వదిలేసి, నడిమధ్యన మూట విప్పి పడక వేసింది. పిల్లి కాసేపు ఆలోచించి జరిగింది.

మర్నాడు పెద్దమనుషులు వచ్చారు. ఆ ఖాళీ వదలమన్నది ఎవరో తేల్చుకోవడానికి సభ పెట్టుకున్నారు పాపం. గుమ్మంలోనే ఆగిపోయారు. కాసేపు గుసగుసలాడుకుని లోపలికొచ్చి, ఇద్దరూ ఒకే అంచున, పక్కపక్కనే కూర్చున్నారు. నా జన్మలో మొదటిసారి విభూతి మోకాలు నామాల మోకాలికి తగలడం చూశాను.

"ఇది ఊరుమ్మడి సత్రం, అచ్చియ్యా. ఆడకూతురివి, ఇక్కడ కాపురం పెడితే ఎలా?" అన్నారు ప్లీడరు గారు.

"ఆయన చెప్పింది అక్షరాలా నిజం" అన్నారు ఆచార్యుల వారు. "ఇది సభ జరిగే చోటమ్మా. నువ్వు లేవాలి."

అచ్చియ్యమ్మ లేవలేదు. మజ్జిగ కవ్వం పక్కన పెట్టి, చెయ్యి చీర చెంగుకు తుడుచుకుంది.

"మజ్జిన చోటొదిలింది తమరే కదండీ. కాయితం మీద ఒదిలిన చోట దొర కూకున్నాడు, ఆయన్ని లేపలేకపోయారు. ఇక్కడొదిలిన చోట నేను కూకున్నాను. నన్ను లేపడానికి మాత్రం ఇద్దరూ ఒక్కమాట మీదికొచ్చేశారే!"