దొంగకీ దేవుడికీ ఒకటే గొంతు

ఆ నాటక సమాజంలో పాత్రలు ఎక్కువ, మనుషులు తక్కువ. అందుకని చివరి రంగంలో దొంగ భయపడి తెర వెనక్కి పరుగెత్తేవాడు, మరుక్షణం అక్కణ్ణుంచే దేవుడి గొంతు వినిపించేది. దొంగా, దేవుడూ ఒక్కడే. అందరూ బొంగురాయన అని పిలిచే నటుడు. ఇందులో వేదాంతం ఏమీ లేదు, ఇంకో మనిషి లేడు, అంతే. చూసిన పెద్దలు మాత్రం దొంగలోనే దేవుడున్నాడని ఎంత బాగా చెప్పారో అని కళ్ళొత్తుకుని దండలు వేసేవారు. మెడలో పడ్డ దండను కాదనేంత వెర్రివాడు కాడు బొంగురాయన.

దేవుడి ఆఖరి మాట మాత్రం రచయిత రాసింది కాదు, అతను కలుపుకున్నది. "సరేలే, ఈసారికి పో." చిన్నప్పుడు ఇంట్లో వెండి గ్లాసు దొంగిలించి అతని అన్న దొరికిపోతే, తండ్రి నోట ఆ ఒక్క మాట రాలేదు. మెడపట్టి గెంటాడు. అన్న మళ్ళీ గడప తొక్కలేదు. తండ్రి అనని మాటను తమ్ముడు ఇన్నేళ్ళుగా దేవుడి చేత అనిపిస్తున్నాడు.

నాటకాన్ని సినిమాగా తీస్తామని నిర్మాత వచ్చినప్పుడు అతను ఎగిరి గంతేసింది అందుకే. నాటకం పోలేని ఊళ్ళకు సినిమా పోతుంది. ఏదో ఒక ఊళ్ళో అన్న వింటాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, నీతి సలహాదారు ఒకడు దాపురించాడు. మెడలో ఈల వేసుకుని వచ్చేవాడు. అనీతి కనబడితే ఊదుతాడు. దొంగకీ దేవుడికీ ఒకటే గొంతేమిటని మొదటి ఈల. పళ్ళపొడి ప్రకటనలు చదివే ఆయన్ని దేవుడి గొంతుకు తెచ్చారు. దేవుడు క్షమిస్తే పిల్లలు చెడిపోతారని ఇంకో ఈల. క్షమాపణ తీసేసి పిడుగు పెట్టారు. దొంగతనం తెరమీద చూపిస్తే జనం నేర్చుకుంటారని మరో ఈల. అదీ తీసేశారు. ఇక దొంగ ఏ తప్పూ చేయకుండానే పిడుగు పడి చస్తాడు.

అదేం నీతని దర్శకుడు గొణిగితే, తప్పు చేయకముందే భయపడాలి, అదే అసలు నీతి అన్నాడు సలహాదారు.

బొంగురాయన సలహాదారు చేతులు పట్టుకున్నాడు. "ఆ ఒక్క మాట ఉంచండి బాబూ. కావాలంటే నామీద రెండు పిడుగులు వెయ్యండి."

సలహాదారు కాసేపు ఆలోచించి రెండు పిడుగులు వేయించాడు. మాట ఉంచలేదు.

చిత్రీకరణలో దేవుడి గొంతు వినబడగానే అతని కాళ్ళు అలవాటు కొద్దీ గోడ వెనక్కి పరుగెత్తేవి. చివరికి కాళ్ళు తాడుతో కట్టేసి చంపారు.

సినిమా మొదటి ఆటకి అతను ముందు వరసలో కూర్చున్నాడు. తెరమీద తనమీద పిడుగు పడబోతోంది. ఈసారి కాళ్ళకు తాడు లేదు. లేచి తెర వెనక్కి పరుగెత్తాడు.

"సరేలే, ఈసారికి పో."

దొంగ అప్పటికే బూడిదయ్యాడు. అయినా హాలు హాలంతా చప్పట్లు. సలహాదారు ఈల నోట్లో పెట్టుకుని, ఆ మాట దేవుడిదో కాదో తేల్చుకోలేక మళ్ళీ కిందికి వదిలేశాడు.

జనం విరగబడ్డారు. నిర్మాత సంబరపడి తెర వెనక ఒక కుర్చీ వేయించి, ఆట ఆటకీ వచ్చి క్షమించి పొమ్మన్నాడు. మిగతా ఊళ్ళ మాటేమిటని బొంగురాయన అడిగాడు.

"రీళ్ళ డబ్బాలన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి కదండీ మాస్టారూ" అన్నాడు నిర్మాత.

మిగతా ఊళ్ళన్నిటిలోనూ దొంగ ఏ పాపం ఎరక్కుండా చస్తున్నాడు. వాణ్ణి పొమ్మనే నాథుడు లేడు. అన్న ఏ ఊళ్ళో టిక్కెట్టు కొన్నాడో తెలియదు. తమ్ముడు మాత్రం మాట అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవడు. హాల్లోంచి ఎవరైనా తెర వెనక్కి పరుగెత్తుకొస్తున్నారేమోనని చెవి ఒగ్గి కూర్చుంటాడు.