వెనిగర్ ఇంటి పిల్ల

రొట్టెల కొట్టు దగ్గర ఎల్విరా చెప్పిందట. ఎల్విరాకి వాళ్ళాయన చెప్పాడట. ఆయన ట్రాక్టరు తోలుకొస్తూ కళ్ళారా చూశాడట. ఆదో ముసలాయన పొద్దున్నే వైను పీపాలుండే నేలమాళిగ తాళం తీసి, కోడల్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంటున్నాడని. ఒక్కరోజు కాదు, ఈస్టర్ వెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే వరస అని.

మామాకోడళ్ళ గురించి ఎవరూ చెడ్డగా అనుకోలేదు. మా కొండ మీద అంతకన్నా పెద్ద తప్పు వేరే ఉంది. ఆ పిల్ల పుట్టిల్లు వెనిగర్ చేసేవాళ్ళది. సరిహద్దు దాటి కాస్త పోతే ఆ వాసనే దారి చెబుతుంది. మా వైనువాళ్ళు వెనిగర్ వాళ్ళతో వియ్యమైనా అందుతారు గానీ నేలమాళిగ గడప మాత్రం తొక్కనివ్వరు. ఆ పులుపు బట్టల్లో, జుట్టులో దాక్కునొచ్చి పీపాలోకి దూకుతుందని భయం. సలాడ్‌లోకి వాడే వెనిగర్ సీసా కూడా మేడ మీది అల్మరాలో, వెనక వరసలో పెడతాం. ఆ పిల్ల, ఆలెంకా, కాపురానికొచ్చిన రోజున ఆదో నవ్వుతూనే చెప్పాడు: "అమ్మాయీ, ఇల్లంతా నీది. కింది తలుపు ఒక్కటీ నాది."

అలాంటిది, ఈ కబురు ఆదో పెద్దకూతురు నోరీనా చెవిన పడింది.

"నీకు తెలీదుటే?" అంది ఎల్విరా, రొట్టెలు సంచీలో పెట్టుకుంటూ. "నువ్వే పంపిస్తున్నావేమో అనుకున్నా."

"నేనెందుకు పంపిస్తానే, నాకేమన్నా పిచ్చా?"

"ఏమోనమ్మా. శాన్ జోర్జో పండగ వారంలో వైన్లు కలిపేస్తారుగా? ఈసారి పాళ్ళు ఆ పిల్లే చెబుతుందట. దాని మొగుడు, మీ తమ్ముడు ఎర్మెస్సే మా ఆయనతో అన్నాడు."

నోరీనా రొట్టె కొనకుండానే వెనక్కి తిరిగింది.

ఆదో చేసే వైను గురించి గొరిజియా పట్నం దాకా చెప్పుకుంటారు. తెల్లద్రాక్షలు మూడు రకాలు. ఫ్రియులానో ఒళ్ళిస్తుంది, రిబొల్లా పులుపుతో నడుం నిలబెడుతుంది, మల్వాసియా పరిమళం పోస్తుంది. చలికాలమంతా ఎవరి పీపాలో వారు మూతి ముడుచుకుని కూర్చునే ఆ ముగ్గురినీ వసంతంలో ఆదో ఒకటి చేస్తాడు. ఆ పాళ్ళు ఎవరికీ చెప్పడు. గ్లాసులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంటాడు, అంతే. ఆయన తర్వాత ఆ పని తనదేనని నోరీనా ఎప్పుడో అనుకుంది. చిన్నప్పుడు ఆయన వేలు ముంచి నాలుక మీద రాసి, "ఎలా ఉందే?" అని అడిగితే, "బ్రహ్మాండం నాన్నా" అంది. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు. పక్కవీధికి పెళ్ళై వెళ్ళినా ఆ ఒక్క మాట చెప్పడానికి పుట్టింటికి వచ్చేది.

మొన్న ఈస్టర్ భోజనం దగ్గరా అంతే. రొట్టెలో పెట్టి కాల్చిన పంది తొడ, దాని మీద ముక్కు అదిరే క్రెన్ వేరు తురుము. ఆదో కొత్త మల్వాసియాని కూజాలో పట్టుకొచ్చి మొదటి గ్లాసు నోరీనాకే పోశాడు.

"ఎలా ఉందే?"

కొత్త బల్లకి వేసిన వార్నిష్‌లా ఏదో సన్నగా గుచ్చింది ముక్కుని. తండ్రి వంక చూసింది. చలికాలం జ్వరం పడి లేచాక బాగా చిక్కిపోయాడు. పాడు క్రెన్, దాని ఘాటే అయుంటుందిలే అనుకుంది.

"బ్రహ్మాండం నాన్నా. నిరుటి కన్నా బావుంది."

ఆలెంకా మాత్రం వాసన చూసి, పెదవి తగలనివ్వకుండానే గ్లాసుని ఉప్పు గిన్నె పక్కకి జరిపేసింది. నోరీనాకి సందు దొరికింది. "ఏం మరదలా, మా వైను నీ పుట్టింటి సరుకంత ఘాటుగా లేదా?" అంది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆదో నవ్వలేదు. అందుకు ఇంకా సంబరపడింది నోరీనా. కోడలి మీద కోపంతోనే నవ్వలేదనుకుని, ఆ సంగతిని పాకం బిళ్ళలా ఇన్నాళ్ళూ చప్పరిస్తూనే ఉంది.

ఇప్పుడదే పిల్ల తాళం తీయించుకుని లోపల కూర్చుంది!

నోరీనా నేలమాళిగ తలుపు తట్టలేదు, తోసింది. ఆదో బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు. చేతిలో గ్లాసు ఉంది గానీ ముక్కు దగ్గరికి పోవడం లేదు. ఎదురుగా ఆలెంకా, జుట్టుకి గుడ్డ బిగించి కట్టుకుని, గ్లాసు తిప్పుతూ చెబుతోంది: "ఇందులో పచ్చి బాదం ఉంది మామయ్యా. బావుంది. రిబొల్లా ఇంకో గరిటె పడొచ్చు." ఆమె ఒంటి మీద పోయిన అత్తగారి ఏప్రన్.

నోరీనాకి కళ్ళు మండాయి.

"అమ్మ ఏప్రన్ కూడా ఇచ్చేశావా నాన్నా? తాళం ఇచ్చావు, అదీ ఇచ్చావు. ఇంకేం మిగిలింది?"

"వదినా, నా బట్టలతో ఇక్కడికి రాకూడదని మామయ్యే..."

"నువ్వాగు. పిల్లిని పాలకి కాపలా పెట్టినట్టుంది!"

"పిల్లి పాలు తాగలేదు వదినా. పాలు విరుగుతున్నాయని చెప్పింది," అంది ఆలెంకా మెల్లగా, మూలనున్న మల్వాసియా పీపా వైపు చూస్తూ. దాని మీద సుద్దతో అడ్డంగా కొట్టేసిన గుర్తు ఉంది.

నోరీనా అటు చూడనేలేదు. "ఊరంతా నాది నీ ముక్కే అంటారు నాన్నా. కడుపున పుట్టినదాన్ని గుమ్మం బయట నిలబెట్టి, వెనిగర్ వాళ్ళ పిల్లని లోపల కూర్చోబెడతావా?"

ఆదో గ్లాసు కింద పెట్టాడు.

"నాకు వాసన పోయిందే. ఆ జ్వరంతోనే పోయింది. ఉల్లిపాయకీ గులాబీకీ తేడా తెలియట్లేదు."

నోరీనా కోపం జావగారిపోయింది. "అయ్యో! మరి నాతో చెప్పొద్దూ? నన్నెందుకు పిలవలేదు?"

"పిలిచాను. పండగనాడు మొదటి గ్లాసు నీకే పోశాను. అది చెడిందో లేదో నాకే తెలీక నిన్నడిగాను. చెడిందని నీ ముక్కుకి తెలిసింది, నీ మొహంలో చూశాను. అయినా బ్రహ్మాండం అన్నావు. నీ మాట నమ్మి కలిపేసుంటే ఏడాది పంటంతా మురిక్కాలవలో పోసేవాణ్ణి. ముక్కు నీకూ ఉందే. నాకు నచ్చనిది చెప్పే నోరే లేదు."